సీలో రాండమ్ నంబర్లు: రాండ్ చాలా, పీసీజీ పెట్టుకోవాలా, ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగాలా?

సీ నేర్చుకునే ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు పాచికలాట రాస్తారు. రాండమ్ అంకె ఇచ్చే ఫంక్షన్ రాండ్‌తో, రాండ్() % 6 + 1 అని ఒక లైను రాస్తే 1 నుంచి 6 వరకు అంకెలు వస్తాయి, పని అయిపోయినట్టే కనిపిస్తుంది. తర్వాత ఎవరో రాండ్ వాడకూడదంటారు, ఇంకొకరు మెర్సెన్ ట్విస్టర్ అనే వేరే జనరేటర్ (రాండమ్ అంకెలు పుట్టించే పద్ధతి) పెట్టమంటారు, మూడో మనిషి అదీ పాతబడిపోయింది జోషిరో వాడమంటాడు. ఎవరి మాట వినాలో తెలియక చివరికి రాండ్‌నే ఉంచేసి ముందుకెళ్లిపోతాం. ఆ తికమకలో ఉన్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ జనరేటర్ గొప్పదన్న వాదనకి ఖర్చయ్యే టైమ్‌లో సగమైనా సీడ్ (జనరేటర్ మొదలవ్వడానికి ఇచ్చే విలువ) ఎక్కడి నుంచి వస్తోంది, వచ్చిన అంకెని మనకి కావలసిన రేంజ్‌లోకి ఎలా తెస్తున్నాం అన్నదాని మీద పెడితే చాలా బగ్‌లు అసలు పుట్టవు.

ముందు మీరు తేల్చుకోవలసినవి

అన్నిటికన్నా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: తర్వాత రాబోయే అంకెని ఎవరైనా ముందే కనిపెట్టేస్తే నష్టం ఉందా? పాస్‌వర్డ్, ఓటీపీ, సెషన్ టోకెన్, ఎన్‌క్రిప్షన్ కీ, డబ్బు పెట్టి ఆడే ఆట, వీటిలో ఏదైనా సరే, జవాబు 'ఉంది' అయితే కింద చెప్పే జనరేటర్లలో చివరిది తప్ప ఏదీ మీకు పనికిరాదు. వేగం, పీరియడ్ (ఎన్ని అంకెల తర్వాత వరుస మళ్లీ మొదటికొస్తుంది) లెక్కలు చదవకుండా నేరుగా అక్కడికే వెళ్లిపోవచ్చు.

రెండోది, అదే సీడ్ ఇస్తే అదే వరుస మళ్లీ రావాలా? సిమ్యులేషన్లకి, టెస్టులకి, గేమ్‌లో లెవెల్స్ తయారు చేయడానికి ఇది కావాలి, అదీ మీ మెషీన్‌లోనే కాకుండా వేరే కంపైలర్‌లో, వేరే ఓఎస్‌లో కూడా. ఈ పాయింట్ దగ్గరే రాండ్ చేతులెత్తేస్తుంది.

ఆ తర్వాత చిన్న లెక్కలుంటాయి. ఎన్ని అంకెలు కావాలి (వందలా, వందల కోట్లా), ఎన్ని థ్రెడ్‌లు (ప్రోగ్రామ్‌లో ఒకేసారి సాగే పనులు) నడుస్తున్నాయి, మెమరీ ఎంత ఉంది. మామూలు కంప్యూటర్ మీద మెమరీ గురించి ఆలోచించక్కర్లేదు. చిన్న మైక్రోకంట్రోలర్ మీద మాత్రం ఆలోచించాల్సిందే.

ఒక్కచూపులో (స్టేట్ అంటే తర్వాతి అంకె తీయడానికి జనరేటర్ లోపల గుర్తుపెట్టుకునేది)

| జనరేటర్ | స్టేట్ సైజు | పీరియడ్ | అన్నిచోట్లా ఒకే వరుస? | ఊహించడం |
|---|---|---|---|---|
| రాండ్ | లైబ్రరీని బట్టి | లైబ్రరీని బట్టి | రాదు | తేలిక |
| డీరాండ్48 కుటుంబం | 48 బిట్లు | 2^48 | పోసిక్స్ (లినక్స్, మ్యాక్ లాంటివి పాటించే ప్రమాణం) సిస్టమ్‌లలో దాదాపుగా | తేలిక |
| మెర్సెన్ ట్విస్టర్ | దాదాపు 2.5 కేబీ | 2^19937 − 1 | వస్తుంది | 624 అంకెలు చూస్తే చాలు |
| పీసీజీ32 | 16 బైట్లు | 2^64 | వస్తుంది | రహస్యాలకి పనికిరాదు |
| జోషిరో256 | 32 బైట్లు | 2^256 − 1 | వస్తుంది | రహస్యాలకి పనికిరాదు |
| ఓఎస్ ఇచ్చేది | మీ చేతిలో ఉండదు | వర్తించదు | రాదు, రాకూడదు | సాధ్యం కాదనే లెక్క |

రాండ్, ఎస్‌రాండ్

స్టాండర్డ్ లైబ్రరీలోనే ఉంటుంది, ఏమీ తెచ్చుకోనక్కర్లేదు. దాని మంచి అక్కడితో ఆగిపోతుంది. సీ స్టాండర్డ్ రాండ్ లోపల ఏ పద్ధతి ఉండాలో చెప్పదు. రాండ్ మ్యాక్స్ (రాండ్ ఇవ్వగల అతిపెద్ద అంకె) కనీసం 32767 ఉండాలి అంటుంది, అంతే. లినక్స్‌లో మామూలుగా వాడే జీలిబ్‌సీలో అది 2147483647. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ సీ లైబ్రరీలో సరిగ్గా 32767.

ఈ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో నాకు బాగా తెలిసొచ్చిన సందర్భం ఒకటుంది. లక్ష రికార్డులున్న అర్రే నుంచి కొన్నిటిని యాదృచ్ఛికంగా ఏరి తనిఖీ చేసే ప్రోగ్రామ్ రాశాను. రాండ్() % 100000 అని పెట్టాను, లినక్స్‌లో చక్కగా నడిచింది. అదే కోడ్‌ని విండోస్‌లో కంపైల్ చేసి వాడటం మొదలుపెట్టాక కొన్నాళ్లకి గమనించాను, 32767వ ఇండెక్స్ దాటిన ఒక్క రికార్డు కూడా ఎప్పుడూ ఎంపిక కాలేదు. అర్రేలో మూడింట రెండు వంతులు ఎవరూ తాకనే లేదు. క్రాష్ లేదు, వార్నింగ్ లేదు, అవుట్‌పుట్ చూస్తే ఏ లోపమూ కనిపించదు. అంకెలు 'రాండమ్‌గా కనిపించడం' అంటే ఏమీ కాదని నాకు అప్పుడు అర్థమైంది.

ఇంకో సంగతి, ఎస్‌రాండ్ అసలు పిలవకపోతే స్టాండర్డ్ ప్రకారం ఎస్‌రాండ్(1) పిలిచినట్టే లెక్క, కాబట్టి ప్రోగ్రామ్ ప్రతిసారీ అవే అంకెలు ఇస్తుంది. కొత్తవాళ్లు 'నాకు ఎప్పుడూ ఒకే నంబర్లు వస్తున్నాయి' అని అడిగేది చాలావరకు ఇదే. దీనికి సరిగ్గా ఎదురు తప్పు, ఎస్‌రాండ్(టైమ్(నల్))ని ఫంక్షన్ లోపల పెట్టి లూప్‌లో పిలవడం. టైమ్ సెకన్లలోనే మారుతుంది. ఒక సెకనులో లూప్ వెయ్యిసార్లు తిరిగితే వెయ్యిసార్లూ అదే సీడ్, అదే మొదటి అంకె. ఎస్‌రాండ్ మెయిన్‌లో ఒక్కసారి, మొదట్లో, అంతే.

మరి రాండ్ ఎవరికి? పాఠం నేర్చుకునేవాళ్లకి, పది లైన్ల ప్రయోగాలకి. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఓఎస్‌లోనైతే ఎస్‌రాండ్‌కి మీరిచ్చిన సీడ్‌ని మామూలుగా పట్టించుకోరు, వరుస మళ్లీ కావాలంటే దానికి వేరే ఫంక్షన్ పిలవాలి. అంటే 'సీడ్ 42 పెడితే ఇదే అవుట్‌పుట్ రావాలి' అని రాండ్ మీద ఆధారపడి టెస్టు రాస్తే అది మీ మెషీన్ దాటగానే విరిగిపోతుంది.

కింది బిట్ల గొడవ

రాండ్ గురించి 'మాడ్యులో (% గుర్తు) వాడకు, కింది బిట్లు (బైనరీలో కుడి చివర ఉండేవి) బాగుండవు' అనే మాట మీరు వినే ఉంటారు. ఎందుకో చేత్తో లెక్కేసి చూడొచ్చు. పాత జనరేటర్లలో చాలావాటిది ఒకటే సూత్రం: ఉన్న అంకెని ఒకదానితో గుణించి, ఇంకొకటి కలిపి, శేషం తీసుకోవడం. చిన్నగా 5తో గుణించి, 3 కలిపి, 16తో భాగిస్తే వచ్చే శేషం అనుకుందాం. 7తో మొదలుపెట్టండి:

7, 6, 1, 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4, మళ్లీ 7.

పదహారు అంకెలూ ఒక్కోసారి వచ్చాయి, వరుస కూడా చెదిరినట్టే ఉంది. ఇప్పుడు సరి, బేసి మాత్రం చూడండి. బేసి, సరి, బేసి, సరి, చివరిదాకా అంతే. దీన్ని % 2 చేసి బొమ్మా బొరుసా వేస్తే బొమ్మ, బొరుసు, బొమ్మ, బొరుసు అని గడియారం లోలకంలా ఊగుతుంది. భాగించే సంఖ్య 2 ఘాతం అయినప్పుడు 16 బదులు 2^32 పెట్టినా కింది బిట్ కథ మారదు. అందుకే మంచి లైబ్రరీలు కింది బిట్లని బయటికి ఇవ్వవు. సీ స్టాండర్డ్‌లో ఉదాహరణకి ఇచ్చిన రాండ్ కూడా 1103515245తో గుణించి 12345 కలిపాక కింది 16 బిట్లని వదిలేస్తుంది.

గుణకం తప్పుగా ఎంచుకుంటే ఇంకా ఘోరం. 1960ల్లో ఐబీఎం మెషీన్ల మీద విస్తారంగా వాడిన రాండూ అనే జనరేటర్‌లో గుణకం 65539. దాని అంకెల్ని మూడేసి చొప్పున తీసుకుని త్రీడీలో చుక్కలు పెడితే అవన్నీ 15 సమతలాల మీదే పడతాయి. దాన్ని నమ్ముకుని చేసిన లెక్కలన్నిటి మీదా అనుమానం వచ్చింది.

డీరాండ్48 కుటుంబం

పోసిక్స్ సిస్టమ్‌లలో దొరుకుతుంది. 48 బిట్ల స్టేట్, గుణకం 25214903917, కలిపేది 11. జావాలోని పాత రాండమ్ క్లాస్ కూడా ఇవే అంకెలతో నడుస్తుంది. 0 నుంచి 1 లోపు దశాంశం నేరుగా ఇస్తుంది, అది హాయిగానే ఉంటుంది. కానీ మైక్రోసాఫ్ట్ లైబ్రరీలో లేదు, ఈ రోజు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీన్ని ఎంచుకోవడానికి నాకు కారణం కనిపించదు. పాత కోడ్‌లో ఉంటే, అది చిన్న పనులకే అయితే, ఉండనివ్వండి.

మెర్సెన్ ట్విస్టర్

మకోటో మత్సుమోటో, తకుజి నిషిమురా 1998లో ప్రచురించారు. అప్పటికి ఉన్నవాటితో పోలిస్తే పెద్ద ముందడుగు. పైథాన్ రాండమ్ మాడ్యూల్ లోపల ఇప్పటికీ ఉన్నది ఇదే. పీరియడ్ 2^19937 − 1, చెప్పుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ 2^128 దాటాక పీరియడ్ ఎంత పెద్దదన్నది ఆచరణలో మీకు తేడా తేదు, ఏ కంప్యూటరూ అన్ని అంకెలు తీయలేదు.

దాని బరువు మాత్రం మోయాలి. 624 పదాలు, ఒక్కొక్కటి 32 బిట్లు, అంటే 2496 బైట్ల స్టేట్. ఆర్డ్యునో ఊనోలో ర్యామ్ మొత్తం 2 కేబీ, అంటే అందులో ఇది పట్టనే పట్టదు. థ్రెడ్‌కి ఒకటి చొప్పున పెట్టుకున్నా ప్రాసెసర్ క్యాష్ మెమరీని తినేస్తుంది. టెస్ట్‌యూ01 అనే పరీక్షల మూటలో కఠినమైన బిగ్‌క్రష్‌లో లీనియర్ కాంప్లెక్సిటీ పరీక్షల దగ్గర ఫెయిలవుతుంది. వరుసగా 624 అవుట్‌పుట్‌లు చూసినవాళ్లు స్టేట్ మొత్తం బయటికి లాగి తర్వాత వచ్చేవన్నీ చెప్పేయగలరు.

పైథాన్‌లో ఉన్న పాత ప్రయోగాన్ని సీలో అవే అంకెలతో మళ్లీ నడపాలంటే దీన్ని వాడండి. లేకపోతే తర్వాతి రెండింటిలో ఒకటి తీసుకోండి.

పీసీజీ32, జోషిరో256

నేను రోజూ చేరేది ఇక్కడికే. రెండూ చిన్నవి, వేగంగా ఉంటాయి, కోడ్ మీ ప్రాజెక్టులోనే ఒక చిన్న ఫైల్‌గా ఉంటుంది కాబట్టి ఎక్కడ కంపైల్ చేసినా అదే సీడ్‌కి అదే వరుస వస్తుంది.

పీసీజీని మెలిస్సా ఓనీల్ 2014లో బయటపెట్టారు. దాని ఆలోచన నాకు చాలా ఇష్టం, ఎందుకంటే పైన చూసిన కింది బిట్ల లోపాన్ని అది దాచిపెట్టకుండా దాని చుట్టూనే కట్టుకుంది. లోపల నడిచేది ఆ పాత గుణించి-కలిపే పద్ధతే, 64 బిట్ల మీద, గుణకం 6364136223846793005. కానీ స్టేట్‌ని నేరుగా బయటికి ఇవ్వదు. పాత స్టేట్‌ని 18 బిట్లు కుడికి జరిపి, జరపని స్టేట్‌తో ఎక్స్‌ఆర్ చేసి (రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0), 27 బిట్లు మళ్లీ కుడికి జరిపి 32 బిట్లు తీసుకుంటుంది. ఆ 32 బిట్లని గుండ్రంగా కుడికి తిప్పుతుంది, ఎన్ని స్థానాలు తిప్పాలో స్టేట్‌లోని పై 5 బిట్లు చెబుతాయి. అంటే లోపల ఉన్నవాటిలో బాగా కలిసిపోయిన పై బిట్లే మిగతావాటిని ఎలా కలపాలో నిర్ణయిస్తాయి. నాలుగైదు లైన్ల కోడ్, అంతే. కలిపే సంఖ్య బేసి అయితే చాలు, దాన్ని మారిస్తే వేరే వరుస వస్తుంది, కాబట్టి థ్రెడ్‌కి ఒకటి చొప్పున ఇచ్చుకోవచ్చు. పైథాన్ లెక్కల లైబ్రరీ నమ్‌పై 1.17 నుంచి డీఫాల్ట్‌గా పెట్టుకున్నది దీని పెద్దన్న పీసీజీ64నే.

జోషిరో256ని డేవిడ్ బ్లాక్‌మన్, సెబాస్టియానో విన్యా 2018లో ఇచ్చారు. ఒక్కసారికి 64 బిట్లు వస్తాయి, కాబట్టి దశాంశాలు ఎక్కువగా కావలసిన సిమ్యులేషన్లకి ఇది బాగా కుదురుతుంది. పై 53 బిట్లు తీసుకుని (అంటే 11 బిట్లు కుడికి జరిపి) 2^−53తో గుణిస్తే 0 నుంచి 1 లోపు డబుల్ వచ్చేస్తుంది. పెద్ద లెక్కల్ని చాలా థ్రెడ్‌ల మీద పరిచేవాళ్లకి ఇందులో జంప్ అనే ఫంక్షన్ వరం లాంటిది. ఒక్కసారి పిలిస్తే 2^128 అడుగులు ముందుకి దూకుతుంది, కాబట్టి ఏ రెండు థ్రెడ్‌లూ ఒకరి వరుసలోకి ఒకరు వెళ్లవని నిశ్చింతగా ఉండొచ్చు. జాగ్రత్త ఒకటి: నాలుగు పదాలూ సున్నా అయితే జన్మలో సున్నా తప్ప ఏమీ రాదు. అందుకే సీడ్‌ని నేరుగా పోయకుండా స్ప్లిట్‌మిక్స్64 అనే బుల్లి జనరేటర్‌లో వేసి, దాని నుంచి వచ్చిన నాలుగు అంకెలతో స్టేట్ నింపమని దాన్ని చేసినవాళ్లే చెబుతారు.

వీటిలో ఏది? 32 బిట్ల అంకెలు, ఆట, చిన్న సిమ్యులేషన్ అయితే పీసీజీ32. 64 బిట్లు, దశాంశాలు, థ్రెడ్‌లు అయితే జోషిరో. రెండూ సరిపోయే సందర్భంలో ఏది పెట్టినా తప్పులేదు, దాని మీద ఒక సాయంత్రం పోగొట్టుకోకండి. మైక్రోకంట్రోలర్‌లో అంత చోటు కూడా లేకపోతే మర్సాగ్లియా 2003లో చెప్పిన ఎక్స్‌ఆర్‌షిఫ్ట్ 32 బిట్ల రూపం 4 బైట్లలో సరిపోతుంది: ఎడమకి 13, కుడికి 17, ఎడమకి 5 జరుపుతూ ఎక్స్‌ఆర్ చేయడమే. ఎల్‌ఈడీలు మిణుకుమనిపించడానికి అది చాలు.

ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగడం

పాస్‌వర్డ్, టోకెన్, కీ అంటే ఇదొక్కటే. లినక్స్‌లో గెట్‌రాండమ్ (కెర్నల్ 3.17 నుంచి ఉంది), విండోస్‌లో బీక్రిప్ట్‌జెన్‌రాండమ్, బీఎస్‌డీలు, మ్యాక్‌లో ఆర్క్4రాండమ్. ఆర్క్4రాండమ్ 2022లో వచ్చిన జీలిబ్‌సీ 2.36లో కూడా చేరింది. సీడ్ అడగదు, ఫెయిలయ్యానని ఎర్రర్ కోడ్ ఇవ్వదు, పైగా ఆర్క్4రాండమ్_యూనిఫామ్ అని రేంజ్ సమస్యని కూడా తనే చూసుకునే ఫంక్షన్ ఉంది. కొత్తవాళ్లకి నిజానికి అన్నిటికన్నా తేలిక ఇదే. గెట్‌రాండమ్ అయితే ఎన్ని బైట్లు ఇచ్చిందో చూసుకోవడం మాత్రం మర్చిపోకండి.

ఇక్కడ ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, టైమ్‌తో వేసిన సీడ్ అసలు రహస్యమే కాదు. రోజుకి 86,400 సెకన్లు. మీ టోకెన్ ఏ రోజు పుట్టిందో తెలిస్తే ఆ సీడ్‌లన్నీ ప్రయత్నించి చూడటానికి మామూలు ల్యాప్‌టాప్‌కి రెప్పపాటు కూడా పట్టదు. 1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్‌లో భద్రత విరిగింది ఇలాగే, సీడ్‌ని టైమ్, ప్రాసెస్ ఐడీల (నడుస్తున్న ప్రోగ్రామ్‌లకి ఓఎస్ ఇచ్చే నంబర్లు) నుంచి కట్టారని ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ బయటపెట్టారు. 2008లో బయటపడిన డెబియన్ లినక్స్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) లోపంలో సీడ్‌లో మిగిలింది ప్రాసెస్ ఐడీ ఒక్కటే, అంటే దాదాపు 32 వేల అవకాశాలు. రెండు చోట్లా ఎన్‌క్రిప్షన్ లెక్క బాగానే ఉంది, కూలింది సీడ్.

మరి అన్నిటికీ ఇదే వాడేస్తే పోలా అంటే, రహస్యం లేని పనికి కూడా వాడొచ్చు, తప్పేం లేదు. కానీ వరుస మళ్లీ రాదు, కోట్ల అంకెలు కావాలంటే నెమ్మదిస్తుంది. నా అలవాటు ఏమిటంటే, పీసీజీకో జోషిరోకో సీడ్ మాత్రం ఓఎస్ నుంచి తెచ్చుకుంటాను.

ఏ జనరేటర్ అయినా తప్పని రెండు సంగతులు

మొదటిది రేంజ్. రాండ్ 0 నుంచి 32767 వరకు ఇస్తోంది, మీకు % 10000 కావాలి అనుకోండి. మొత్తం 32768 విలువలు, అంటే మూడు పదివేలు పోగా 2768 మిగిలాయి. 0 నుంచి 2767 వరకు ఉన్న ప్రతి అంకెకీ నాలుగు అవకాశాలు, మిగతావాటికి మూడే. లాటరీలో చిన్న నంబర్లకి మూడో వంతు ఎక్కువ గెలుపు! దీనికి మందు తేలిక: 30000, ఆ పైన ఏది వచ్చినా పారేసి మళ్లీ అడగండి. 32 బిట్ల జనరేటర్‌తో పాచిక వేస్తే పారేయాల్సింది 429 కోట్ల పైచిలుకు విలువల్లో నాలుగంటే నాలుగు, కాబట్టి ఖర్చు లేనట్టే. దశాంశం కోసం రాండ్‌ని రాండ్ మ్యాక్స్ + 1తో భాగించేవాళ్లు 1 బదులు 1.0 రాయండి, లేకపోతే జీలిబ్‌సీలో ఆ కూడిక ఇంట్‌లో ఓవర్‌ఫ్లో అవుతుంది.

రెండోది సీడ్ వెడల్పు. పేకముక్కలు కలిపే ప్రోగ్రామ్ రాస్తున్నారు, జనరేటర్ ఎంత మంచిదైనా సీడ్ 32 బిట్లే ఇచ్చారు అనుకుందాం. అంటే గరిష్ఠంగా 4,294,967,296 రకాల కలపడాలు మాత్రమే సాధ్యం. పదమూడు ముక్కలనే 6,227,020,800 రకాలుగా అమర్చవచ్చు. ఒక్క రంగు ముక్కల వరుసలన్నీ కూడా మీ ప్రోగ్రామ్ చూపించలేదు, ఇక 52 ముక్కల మాట చెప్పక్కర్లేదు, దానికి 226 బిట్లు కావాలి. జోషిరో 256 బిట్ల స్టేట్ మొత్తాన్నీ ఓఎస్ నుంచి నింపితే చోటు సరిపోతుంది. సరదాగా ఆడుకునే ఆటకి అది చాలు, డబ్బున్న ఆటకి మాత్రం నేరుగా ఓఎస్ అంకెలతోనే కలపండి.

కలిపే లూప్‌లో ఇంకో చిన్న పొరపాటు జరుగుతుంటుంది: ప్రతి ముక్కనీ మొత్తం పేకలో ఎక్కడికైనా మార్చడం. మూడు ముక్కలకి అలా 27 దారులు, అమరికలు 6, 27ని 6 అమరికలకి సమానంగా పంచలేం. చివరి నుంచి వస్తూ, ఇంకా మిగిలినవాటిలోంచే ఎంచుకుంటే సరిపోతుంది.

టెస్టులు రాసేవాళ్లకి ఒక మాట. ప్రతిసారీ కొత్త సీడ్‌తో నడపండి, కానీ మొదటి లైన్‌లోనే ఆ సీడ్‌ని లాగ్‌లో ప్రింట్ చేయించండి, కమాండ్ లైన్ నుంచి సీడ్ ఇచ్చే వీలు పెట్టండి. నెలకోసారి మాత్రమే ఫెయిలయ్యే టెస్టు ఒకటి నన్ను చాలా టెన్షన్ పెట్టింది. సీడ్ లాగ్‌లో పడటం మొదలైన తర్వాత అది మళ్లీ ఫెయిలైన రోజు, ఆ అంకెని కాపీ చేసి మళ్లీ నడిపితే మొదటి ప్రయత్నంలోనే అదే చోట ఆగింది, మధ్యాహ్నానికల్లా సరిచేశాను.